ఊ త్మా ఊరి ఎర్రచుక్కలు

"సర్వే జట్టులో దొంగ ఉన్నాడు," అన్నాడు కర్నల్ మెంగ్. "పట్టుకో."

ఏజెంట్ వుతీ నిటారుగా నిలబడి విన్నాడు. మందుపాతరలు ఏ ఊరిని ఎంత పీడిస్తున్నాయో ఊరివాళ్లనే అడిగి మార్కులు వేసే సర్వే అది. నీళ్లదారి మూసుకుపోయిందా? పొలం బీడు పడిందా? రెండేళ్లలో ఎవరు పోయారు? ఎక్కువ మార్కులొచ్చిన ఊరికి పాతరలు తీసే టీము ముందు వెళుతుంది.

"సరిహద్దు అవతలి రత్నాల ముఠా కన్ను నీలంకొండ మీద పడింది. కొండ నిండా పాతరలే. మనవాళ్ల ప్రాణాలు పణంగా పెట్టి శుభ్రం చేయించుకోవాలని వాళ్ల ప్లాను. మ్యాపులు మారిస్తే కొండ ఫస్టు, ఇప్పుడు మొదట ఉన్న ఊ త్మా ఊరు నలభయ్యో నంబరు. అంటే నాలుగేళ్లు. ఎల్లుండి పదింటికి సర్వే ఛైర్మన్ స్టాంపు వేసేస్తాడు."

"జట్టులో మనవాళ్లు?"

"థావరీ. విదేశంలో మ్యాపింగ్ చదివిన మన ఏజెంటు. ఆమెను అనుమానించకు."

వుతీ జీపు డ్రైవరు వేషం వేశాడు. మొదటిరోజే కడుపు మండిపోయింది. థావరీ పట్టుగొడుగు కింద నడిచొస్తుంటే ఎడ్లబండ్లు కూడా ఆగేవి. ఆమె మాత్రం సూపర్‌వైజర్ నారిన్‌నే చూసేది.

"పనసపండు పండిందా?" కోడ్ మాట గొణిగాడు వుతీ.

"పచ్చిగానే ఉంది. టైరు చూడు తమ్ముడూ," అని వెనక్కి తిరిగింది. "నారిన్ బావా, ఎండలో ఎందుకు? నీడకు రండి."

అతనేమో బావ, తను తమ్ముడు! కాల్చిన అరటిపండు ఆమె నారిన్ నోటికి అందిస్తుంటే, వుతీ స్పానర్‌ను పీక పిసికినట్టు పిసికాడు. దొంగ వీడేనని అక్కడే తీర్మానించేశాడు.

ఊ త్మాలో స్తంభాల మీద కట్టిన ఇంటి కింద పెద్ద కాగితం పరిచారు. ఆడవాళ్లు గుడి మొదట గీసి, దాని చుట్టూ ఊరు గీశారు. గుడి ముఖం తూర్పుకు కాబట్టి ఆ ఊళ్లన్నిట్లో తూర్పే కాగితానికి పైవైపు. సావెట్ పిన్ని ఊటదారి మీద బొటనవేలితో ఎర్రచుక్క పెట్టింది.

"మా ఆయన ఇక్కడే పోయాడు. రోజూ ఇదే దారిలో నా కూతురు నీళ్లకెళుతోంది. ఎప్పుడొస్తారయ్యా?"

"మీ ఊరే మొదట పిన్నీ," అన్నాడు నారిన్. ముసలమ్మలు కూడా వాడినే దీవించారు. వుతీకి అదీ గిట్టలేదు.

మ్యాపులున్న పెట్టె తాళంచెవి నారిన్ మెడలోనే ఉండేది.

స్టాంపు రోజు అందరూ సర్వే ఆఫీసులో చేరారు. పది గంటలకు మూడు నిమిషాలుండగా ఛైర్మన్ ఊ త్మా మ్యాపు విప్పాడు. ఊటదారి తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు.

"ఆగండి! అది నకిలీ!" వుతీ బేడీలు తీసి నారిన్ మీదికి ఉరికాడు. "నీ తాళం, నీ సంతకం! ఇంకేం చెబుతావ్?"

"నాకేం తెలీదు!" నారిన్ మొహం పాలిపోయింది.

బేడీ బిగించబోతూ వుతీ కాగితం వైపు మళ్లీ చూశాడు. గుడి పక్కకు తిరిగి ఉంది. కాగితానికి పైవైపు ఉత్తరం! ఊరివాళ్లెవరూ అలా గీయరు. నారిన్ కూడా ఈ పల్లెల్లో పుట్టినవాడే. తను కోరుకున్న దొంగ చేజారుతున్నాడని వుతీకి చాలా బాధ వేసింది.

"నారిన్, థావరీ! మ్యాపులు ముట్టుకునేది మీరిద్దరే. చెరో కాగితం తీసుకోండి. ఊ త్మా ఊటదారి గీయండి. త్వరగా!"

నారిన్ ముందు గుడి గీశాడు, ముఖం పైకి. థావరీ చదువుకున్న చెయ్యి మాత్రం అలవాటుగా ముందు ఉత్తరం బాణం గీసింది.

ఛైర్మన్ స్టాంపు గాలిలోనే ఆగింది. థావరీ గొడుగు పట్టుకుని తలుపు వైపు పరుగెత్తింది. వుతీ కాలు అడ్డం పెట్టాడు. గొడుగు పిడి ఊడి అసలు మ్యాపు జారిపడింది, సావెట్ పిన్ని వేలిముద్రతో సహా.

పదింటికి ఊ త్మా మీద మొదటి స్టాంపు పడింది.

"బావా, తాళంచెవి కోసమే నీకు అన్ని అరటిపళ్లు తినిపించాను. ఏమనుకోకు," అంది థావరీ బేడీలతో వెళుతూ. నారిన్ కళ్లు తుడుచుకున్నాడు. వుతీ వైపు ఆమె చూడనైనా లేదు.

కర్నల్ మెంగ్ వచ్చి వుతీ భుజం తట్టాడు. "శభాష్! నన్నే బోల్తా కొట్టించింది. నిన్నెందుకు మోసం చేయలేకపోయిందంటావ్?"

వుతీ మూతి ముడుచుకున్నాడు.

"ప్రయత్నించనే లేదు సార్."