ఆదివారం మైకులో అమ్మ పేరు

పెనం మీద పెసరట్టు తిప్పుతుండగా ఫోన్ మోగింది. గుంటూరు ఆసుపత్రి నర్సు.

"రిపోర్టు వచ్చిందండీ. జబ్బు ఆనవాలు లేదు. రెబ్కమ్మగారు తన పనులు తాను చేసుకోవచ్చు. బరువులు మాత్రం ఎత్తకూడదు."

పెళ్లై మూడు నెలలైన క్రిస్టీనాకి ఆ క్షణంలో మాడిన అట్టు వాసన కూడా కమ్మగానే ఉంది. అట్లకాడ పట్టుకునే అత్తగారి గదిలోకి పరుగెత్తి చెప్పింది.

"దేవునికి స్తోత్రం," అని రెబ్కా మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది.

ఎనిమిది నెలలుగా ఆమెకి ఆ గది, పెరట్లో బాత్‌రూమే లోకం. పేగు ఆపరేషన్ చేసి కడుపు మీద సంచి అతికించారు. మలం అందులోకే వస్తుంది. ఇంటికొచ్చిన కొత్తలో చర్చికి వెళ్తే, అందరూ కళ్లు మూసుకున్న నిశ్శబ్దంలో అది చప్పుడు చేసింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆసుపత్రికి తప్ప మళ్లీ గడప దాటలేదు, కొడుకు పెళ్లికి కూడా. అడిగినవాళ్లకి కొడుకు ఏసుబాబు, అమ్మ మంచం పట్టిందని చెప్పాడు. అది నమ్మి పాస్టరుగారు ప్రతి ఆదివారం మైకులో, "మంచం పట్టిన సహోదరి రెబ్కమ్మ కొరకు ప్రార్థిద్దాం," అంటారు. ఆ మైకు ఆ గదిలోకీ వినిపిస్తుంది.

"సాయంత్రం అత్తయ్యని నడకకి తీసుకెళ్తానండీ," అంది క్రిస్టీనా, భర్తకి అట్టు వడ్డిస్తూ.

"వద్దు. ఊరంతా మంచంలో ఉందనుకుంటుంటే రోడ్డు మీద నడిపిస్తావా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అబద్ధం చెప్పింది మీరు. మంచంలో ఉంటున్నది ఆవిడ."

ఏసుబాబు పళ్లెం పక్కకి నెట్టాడు. "ఆ రోజు అమ్మ ఎంత ఏడ్చిందో నువ్వు చూళ్లేదు."

"ఆ రోజు ఒక్కసారే ఏడ్చానురా."

ఇద్దరూ తిరిగి చూశారు. రెబ్కా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడు ప్రతి ఆదివారం ఏడుస్తున్నా. మైకులో నా పేరు విన్నప్పుడల్లా, నిజంగానే లేవలేనేమో అనిపిస్తంది."

ఏసుబాబు తల దించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

ఏం చేయాలో తోచక క్రిస్టీనా తలుపు వెనక మేకుకి వేలాడుతున్న పాత చీర ముక్కని తీసింది. "ఇదేంటత్తయ్యా? ఎన్నాళ్లుగానో అడుగుదామనుకుంటున్నా."

"టౌను పిల్లవి, నీకేం తెలుసు. పత్తి తీసేటప్పుడు కట్టుకునే ఒడి." రెబ్కా దాన్ని అందుకుని నడుముకి చుట్టి ముడేసింది. ముందు పెద్ద జేబులా వేలాడింది. కింద సంచి ఉందన్న జాడే లేదు. ఆమె చాలాసేపు కిందికి చూసుకుంది. "చేలో అందరికీ కడుపు ముందు ఇంత లావుంటది."

"మరి చప్పుడొస్తే?"

"ఆ ఆడాళ్ల వాగుడు ముందు ఏ చప్పుడు వినపడుద్దే?" అంది రెబ్కా. ఆమె నవ్వడం క్రిస్టీనా చూడటం అదే మొదటిసారి.

"రేపు పొద్దున పర్చూరు రోడ్డు చేనుకి పోతా. రెండు సాళ్లు తీస్తా. ఒడి సగం నిండగానే గోతంలో పోస్తాలే, బరువు పడదు. బాబూ, బండి మీద నువ్వే దింపాలి. దారిలో పాస్టరుగారింటి ముందు ఆపు. ఎల్లుండి ఆదివారం నా పేరు చదవొద్దని నేనే చెప్తా. నువ్వూ బండి దిగి, నా పక్కనే నిలబడు."