మూసేటప్పుడు పిలువు

"మన పిల్లని గుహలో అద్దకమని అడగమను. పని గుర్తుంటే గంజైనా దొరుకుద్ది," అని కెంపమ్మ వాళ్లమ్మ అప్పటికి పదోసారి అంది.

"కన్నతల్లిని మరిచినోడికి అద్దకమెందుకే? అమ్మ అని అడగమను," అంది నాయనమ్మ, తిరగలి ఆపకుండానే.

రంగులద్దే సింగన్న అరుగు మీద కూర్చుని, పరాయివాళ్ల తగువు చూసినట్టు చూస్తున్నాడు. "వీళ్లిద్దరూ ఎవరమ్మా?" అని తన పదమూడేళ్ల కూతురు కెంపమ్మనే అడిగాడు.

మంజిష్ఠపుర రాజ్యానికి పట్టిన పీడ అది. మరుపురక్కసి ఊదిన ఊపిరికి మగవాళ్లందరి జ్ఞాపకాలూ ఎగిరిపోయి, ఏడు అడవుల అవతల గుహలో పెట్టెలో పెట్టెగా చేరాయి. రాజుగారు రాణిని చూసి "వంటకు కుదిరావా?" అన్నారట. గుహలోని భూతం ఒక్కో మనిషి పెట్టెనూ తెరిచి, లోపలి చిన్న పెట్టెలను వరసగా చదివి మంటలో వేస్తుంది. ఇంటికొకరు వెళ్లి, వాటిలో ఏ ఒక్క పెట్టె వచ్చినప్పుడు పిలవాలో ముందే చెప్పుకోవాలి. పిలిచినప్పుడే చెయ్యి చాచాలి, అప్పుడు ఉన్నదే దక్కుతుంది. అడవి అంచున ఉన్న ముని చెప్పిన సంగతి ఇది.

ఒక్కటే ఎందుకడగాలి, నాన్న మొత్తం కావాలి అనుకుంది కెంపమ్మ. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ముళ్లడవిలో పరికిణీ చిరిగింది. పాములడవిలో ధైర్యం చిరిగింది. ఎలాగో గుహ చేరింది.

"దేనికి పిలవమంటావు పిల్లా?" అంది భూతం.

"మా నాన్న పెట్టెకి. తెరవగానే పిలువు, తాతా."

కాసేపటికి భూతం కేకేసింది. "సింగన్న! తెరిచాను, రా!"

కెంపమ్మ పరుగున వెళ్లి ఓణీ చెరగు పట్టింది. పెట్టెలో పేరు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏదీ?"

"తెరవగానే అన్నావుగా. లోపలివి నేనింకా చదవందే ఎలా వస్తాయి?"

భూతం ముందుకు సాగింది. "అమ్మ," అని చదివి మంటలో వేసింది. "పెళ్లి." అదీ పడింది. "కూతురు."

"ఆగు తాతా! నీ కాళ్లు పట్టుకుంటా!" మంటలో చెయ్యి పెడితే వేళ్లు కాలాయి గానీ ఏమీ చిక్కలేదు.

"ఆగడం నా చేతుల్లో లేదమ్మా. రక్కసి ఆన."

"ఇంకా రానివాటికి మరో మాట చెప్పుకోవచ్చా?"

"రానివాటికైతే చెప్పుకో."

"అద్దకం," అంది వెక్కుతూ. "మూసేటప్పుడు పిలువు."

అడిగిన పెట్టె కనుక ఈసారి భూతం నీలిమందు, పటిక, మంజిష్ఠ వేరు, కలిపే కర్ర అంటూ చదివినవన్నీ మంటలో వేయకుండా పక్కన పోగు పెట్టింది. పెట్టె మూస్తూ పిలిచింది. గుప్పెడు వెచ్చని గులకరాళ్లు ఆమె చెరగులో పడ్డాయి.

ఇంటికొచ్చి వాటిని నాన్న అరచేతిలో పోసింది. అవి కరిగిపోయాయి. సింగన్న లేచి రంగు తొట్టి దగ్గరకు నడిచాడు.

"ఒసే కెంపూ, నీలిమందు పులియనే లేదు! కర్ర పట్టు!"

కెంపమ్మ కర్ర పట్టింది. తనకు నాలుగేళ్లప్పటి నుంచీ తొట్టి పక్కన కర్ర పట్టుకున్నది తనే. అద్దకం పెట్టెలో ఆ పిల్ల కూడా ఉంది.

అమ్మా, నాయనమ్మా మాత్రం లేరు. ఎంత చెప్పినా అతనికి గుర్తు రాలేదు. ఎవరూ చేయగలిగిందీ లేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర సింగన్న తల వంచుకుని, మెల్లగా అన్నాడు. "మీరెవరో నాకు తెలీదు. తెలిసినట్టు నటించలేను. తొట్టి దగ్గర నిలబడ్డవాళ్లే నాకు మిగిలారు. అందుకని రేపు పొద్దుటి నుంచి పెద్దమ్మగారు పటిక నూరాలి, ఈవిడ బట్ట ముంచాలి. ఇంటిల్లిపాదీ ఇక అక్కడే."