ఆక్సిజన్ వాల్వ్ మీద జిడ్డు

కెమిస్టును ప్రయోగశాల మెట్ల మీదే కాల్చేశారు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది. పక్క గదిలో వాళ్ళకు చీమ చిటుక్కుమన్నట్టయినా వినపడలేదు.

"పోయింది మీ అన్నయ్య. వద్దంటే ఈ అసైన్‌మెంట్ ఇంకొకరికిస్తాను," అన్నాడు చీఫ్.

"చేస్తాను సర్."

గూఢచారి డిపార్ట్‌మెంట్లో ఈ తమ్ముణ్ణి ముంగి అంటారు. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. మనసంతా మత్తింజక్షన్ చేసిన దవడలా మొద్దుబారిపోయింది.

బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది. సబ్బుల ఫ్యాక్టరీల్లో గ్లిసరాల్ పీపాలకొద్దీ మిగిలిపోతుంది. అన్నయ్య బొగ్గుపొడికి బంగారం, ప్లాటినం రేణువులు పట్టించి క్యాటలిస్ట్ తయారుచేశాడు. దాని మీదుగా ఆక్సిజన్ పంపితే గ్లిసరాల్ నానా రకాలుగా విరిగిపోకుండా, కావలసిన ఒక్క ఆమ్లంగానే మారుతుంది. ఖరీదైన సరుకు. ఆ పొడి కోసం ఒక విదేశీ ముఠా కాచుక్కూర్చుంది.

"రేపు ప్లాంట్లో డెమో. అన్నయ్య టీమంతా ఆ గదిలోనే ఉంటుంది. పొడికి కాపలా నువ్వు. ముఠాలో మనం చేర్పించిన ఏజెంట్ 'నురగ' కూడా వస్తుంది."

నురగ అంటే వదిన.

మర్నాడు ముంగి గ్యాస్ కంపెనీ యూనిఫాంలో, అతికించిన మీసంతో సిలిండర్ల పక్కన నిలబడ్డాడు. వదిన నల్ల సిల్కులో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో పోస్టర్లోంచి దిగినట్టుంది. పక్కనుంచి వెళ్తూ గొణిగింది.

"నురగ తేలిపోయింది." ప్రమాదమేమీ లేదని ఆ కోడ్‌కి అర్థం.

"మీరెక్కడికి వదినా?"

"తలనొప్పి. కాస్త గాలికి."

డెమో మొదలవుతుంటే గాలికేమిటి? ముంగి చూపు ఆక్సిజన్ వాల్వ్ మీద పడింది. ఇత్తడి మరీ నిగనిగలాడుతోంది. వేలితో తాకాడు. జారింది. నూనె!

ఆపరేటర్ అప్పటికే తిప్పబోతున్నాడు. ముంగి అతని చెయ్యి లాగిపడేశాడు.

"జిడ్డుంది! ప్రెషర్లో ఆక్సిజన్ తగిలితే రియాక్టర్‌తో పాటు మనమూ గాల్లోకే!"

ఒక్క ఉరుకులో తలుపు చేరి వదిన గుప్పిట్లో దాచుకున్న లిప్‌స్టిక్ గొట్టం లాక్కున్నాడు. మూత తిప్పితే నల్లటి పొడి. పొడి ముఠాకి చేరి, దాన్ని చెయ్యడం తెలిసినవాళ్ళు ఇక్కడే బూడిదైతే, ఇక ఆ విద్య వాళ్ళ సొంతం.

"అన్నయ్యని కూడా మీరేనా?"

"ఆ టైముకి మెట్ల మీదకి పిలిచింది నేను. కాల్చింది వేరొకడు." ఆమె అతని మొహంలోకి చూసింది. "నీకు కోపం రావట్లేదా?"

"రావాలి. ఎదురుచూస్తున్నాను," అంటూ బేడీలు వేశాడు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "శభాష్. కోడలు డబుల్ ఏజెంటని మీ అమ్మగారికి ఎవరు చెప్తారు? నువ్వా, నేనా?"

"అమ్మ ఆవిణ్ణి చూసిన మొదటి రోజే అంది సర్, ఈ పిల్లని నమ్మకండ్రా అని. క్లియరెన్స్ ఇచ్చింది మన డిపార్ట్‌మెంటే."