తాళం లేని ఇంటికొచ్చిన పార్సిల్

భర్త వెంకటరామారావు మీద ఉషారాణికి ఉన్న ఫిర్యాదులన్నీ రాయాలంటే స్టేషన్ రైటర్ చెయ్యి పడిపోతుంది. ముఖ్యమైనది ఒకటే. ఆన్‌లైన్‌లో ఏం కొన్నాడో ఆయనకే గుర్తుండదు. ఇంట్లో చపాతీ కర్రలు మూడున్నాయి, చపాతీలు చేసే మనిషి మాత్రం ఒక్కతే.

ఆ ఉదయం ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఫోన్ చూపించాడు.

"ఉషా, పార్సిల్ తెచ్చిండ్రట. ఇంటికి తాళం ఉందట. మళ్ల పంపాలంటే చిన్న ఫీజు కట్టుమని మెయిల్ వచ్చింది."

"గుమ్మానికి అడ్డంగ మీరు కూసున్నంక మళ్ల తాళం గూడానా? ఆ లింకు ముట్టుకున్నరో, ఇయ్యాల అన్నం లేదు."

ముందు గదే ఆమె డిటెక్టివ్ ఆఫీసు. అసిస్టెంట్ భవాని మురిసిపోయింది. మేడమ్ తుమ్మినా అందులో ఒక క్లూ ఉంటుందని ఆ అమ్మాయి నమ్మకం.

అప్పుడే ఒక పెద్దావిడ గేటు పట్టుకుని నిలబడింది. ఖమ్మం దాకా ఒంటరిగా రావడం అలవాటు లేనట్టు కొంగు రెండు చేతులా పట్టుకుంది.

"నా పేరు బాలి. కారేపల్లి అవతల, అడివి పక్కన తండా మాది. నా కోడలు హేమ్లి దొంగ గాదమ్మా. అసలు దొంగెవరో చూపియ్యి. రేపు పెద్దమనుషులు కూసుంటున్నరు. అది ఇగ మా ఇంటి మనిషి గాదంటరు."

ఆమె కొడుకు బలరాం వైరా రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయాడు. దినాలు గడవకముందే, అతని పేరున లారీ ఓనరు కట్టిన పరిహారం డబ్బంతా తండ్రి రాందాస్ ఖాతాలోంచి మాయమైంది. రాందాస్ రిటైరైన పోస్టుమ్యాన్. డబ్బు కోడలే తీసిందని పదిమందిలో చెప్పి, ఆమెను ముదిగొండలోని పుట్టింటికి పంపేశాడు.

"కోడలి మీదే అనుమానం ఎందుకు?"

"ఏటీఎం కార్డు పిన్ నంబరు దానికే తెల్సు. ఇంకోటి గూడ ఉందమ్మా. ఆ రోజులల్లనే అది షాపు కాడికెళ్లి కొత్త పార్సిల్ తెచ్చి పెట్టెల దాసింది. పక్కింటోళ్లు చూసిండ్రు."

మధ్యాహ్నానికి ఉషారాణి, భవాని తండాకు చేరారు. రాందాస్ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం పెట్టే కొక్కెం తుప్పు పట్టి గొళ్లేనికి అతుక్కుపోయింది. ఉషారాణి దాన్ని వేలితో కదిపి చూసి లోపలికి వెళ్లింది.

"ఓటీపీలు ఎవరి ఫోన్‌కు వస్తయి, పెద్దాయనా?"

"నాకే."

"ఫోన్ ఎక్కడుంటది?"

"నా జేబుల."

"ఈ మధ్య దాంతోని ఏమన్న కట్టిండ్రా?"

రాందాస్ మొహం తిప్పుకున్నాడు. "పార్సిల్ ఫీజు. గదెంత? నా కొడుకు పోయే ముందు ఫోన్ల చెప్పిండు, 'నీకొకటి ఆర్డర్ పెట్టిన' అని."

"వచ్చిందా?"

"వస్తది," అన్నాడాయన. ఆ ఒక్క మాటకు భవాని కళ్లు దించుకుంది.

తిరుగుదారిలో కారేపల్లి కిరాణం షాపు దగ్గర ఆగారు. "కొరియరోళ్లు తండాలకు పోరు మేడమ్," అన్నాడు షాపు నడిపే చిరంజీవి. "ఈడనే పెట్టి ఫోన్ చేస్తరు. బలరామన్న పెట్టిన ఆర్డరే అది. ఆయన ఫోన్ మోగలే. ఆఖరికి హేమ్లక్కకు ఇచ్చిన."

మర్నాడు పొద్దున సన్నగా వాన. రాందాస్ ఇంటి రేకుల పంచలో తండా నాయక్, పెద్దమనుషులు కూర్చున్నారు. పుట్టింటి నుంచి భవాని వెంట వచ్చిన హేమ్లి తన పెట్టె ముందు పెట్టుకుని గోడకు ఒదిగి నిలబడింది.

ఉషారాణి రెండు ఫోన్లు పైకెత్తింది. "ఇది రాందాస్ గారి ఫోన్. ఇది మా ఆయనది. నా వృత్తికి ఆయన చేసిన సాయం ఇదొక్కటే. రెండింట్లో అదే మెయిల్, 'ఇంటికి తాళం ఉంది' అని. మా గుమ్మంలో ఆయనున్నడు. మీ ఇంట్ల చావుకొచ్చిన చుట్టాలున్నరు. తాళం ఎవరు వేసిండ్రు?"

ఆమె రాందాస్ వైపు తిరిగింది.

"పెద్దాయనా, పైన పేరు లేని ఉత్తరం మీ సంచిలకొస్తే ఏ ఇంటికి ఇచ్చేటోళ్లు?"

"ఏ ఇంటికీ ఇయ్య."

"మరి ఈ మెయిల్‌ల మీ పేరేది? 'కస్టమర్' అని ఉంది. పంపినోని అడ్రస్‌ల కొరియర్ పేరు లేదు, నోరు తిరగని అక్షరాలున్నయి. ఎవడో వేలమందికి గాలం వేసిండు. లింకు తెరిచి కార్డు వివరాలు మీరే కొట్టిండ్రు. ఫీజు కోసమని వచ్చిన ఓటీపీ గూడ మీరే కొట్టిండ్రు. ఖాతా తలుపు తెరిచింది ఆ నంబరే. హేమ్లికి తెలిసిన పిన్ నంబరుతో దీనికి పనే లేదు. వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఉంటే కొంతన్న ఆగేదేమో. రాత్రి ఫిర్యాదు చేయించిన. తిరిగొస్తదని మాత్రం మాటియ్యలేను."

"మరి ఆ దాసిన పార్సిల్?" అన్నాడు నాయక్.

హేమ్లి పెట్టె తెరిచింది. పొట్లం సీలు విప్పలేదు. పైన రాందాస్ పేరుంది.

"దినాలు ఎల్లేదాక ఇంట్ల కొత్తది విప్పొద్దని అత్త చెప్పింది," అంది హేమ్లి. "అయినంక మామ చేతికిద్దామనుకున్న. అంతల నన్నే పంపిండు."

మెయిల్ వచ్చిన రోజుకే ఆ పార్సిల్ ఈ పెట్టెలో, ఆయన ఇంట్లోనే ఉంది.

రాందాస్ పొట్లం విప్పాడు. రెయిన్‌కోటు. ఉత్తరాల సంచికి ప్లాస్టిక్ కవరు కప్పి, తాను తడిసి ఇంటికొచ్చే తండ్రిని చూస్తూ పెరిగిన కొడుకు కొన్నది. సైజు బాగా పెద్దది. కొడుకు దగ్గర తండ్రి కొలత, తాను చిన్నప్పుడు చూసినంత పెద్దదిగానే ఉండిపోయింది.

"తాళం మాట చదివిన నాడే నాకు అనుమానమొచ్చింది," అన్నాడు రాందాస్, కోటు మడతలు సవరిస్తూ. "నేనెన్నడు ఇల్లు చూడక తాళమని రాయలే. కొరియరోడు గూడ రాయడనుకున్న. పైసలు పోయినంక తెలిసింది. కానీ అది అబద్ధమంటే... నా కొడుకు కాడ్నించి ఇగ ఏదీ రాదన్నట్టేగా. దానికన్న ఈ పిల్లను దొంగనుడు అల్కగ అనిపించింది."

"రాందాస్," అన్నాడు నాయక్, "నింద పదిమంది ఇనేటట్టు వేసినవ్."

రాందాస్ లేచాడు. వాన పెరిగి రేకుల మీద మోగుతోంది. దాన్ని మించి వినబడేలా గొంతెత్తాడు.

"హేమ్లి దొంగ గాదు. తప్పు నాది బిడ్డా, నాదే."