మేస్త్రి ఫైల్లో చివరి వరుస

నేను రాసిన కంప్యూటరు స్క్రిప్టు మొత్తం పద్నాలుగు వరుసలు. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో చెబితే నవ్వుతారు.

వాననీటి సొరంగం గేటు దగ్గర నా ఉద్యోగం. పగలంతా పూడిక తీసేవాళ్లు లోపల పనిచేస్తారు. సాయంత్రం ఆరింటికి గేటు మూసి, లోపలికి నీళ్లు వదిలి, తవ్విన బురదంతా కడిగేస్తారు. ఆ వేళకి లోపల ఒక్క మనిషీ ఉండకూడదు. అది చూసుకోవడమే నా పని. గదిలో ఒక బల్ల, కంప్యూటరు, గోడకి సొరంగం ఫోను, గేటు వైపు కిటికీ. ఎంత తుడిచినా పోని తడి ఇటుక వాసన.

ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క టెక్స్ట్ ఫైలు. గేటు దగ్గర కార్డు గీకినప్పుడల్లా అందులో ఒక వరుస పడుతుంది. టైము, పక్కన "లోపలికి" లేదా "బయటికి". నా స్క్రిప్టు ఆరింటికి ఫైళ్లన్నీ తిరగేస్తుంది. చివరి వరుసలో "లోపలికి" అని ఉంటే ఆ పేరు చూపిస్తుంది, లేకపోతే తర్వాతి ఫైలు చూస్తుంది. ఒక్క పేరూ రాకపోతే గేటు మూసి, నీళ్లు వదులుతుంది. అంతకు ముందు ఇదంతా చేత్తో చేసిన ముసలి గుమాస్తా, అందరూ తాతయ్య అనే ఆయన, రిటైరవుతూ నాకు వారం రోజులు పని నేర్పాడు.

చిక్కల్లా పూడిక పనివాళ్ల మేస్త్రితోనే వచ్చింది. పదకొండు నెలల కిందట ఆయన లోపలికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఎంత వెతికినా శవం కూడా దొరకలేదు. ముసలీ పిల్లా తేడా లేకుండా ఆడవాళ్లందరినీ "అమ్మాయ్" అని పిలిచే మనిషి. ఆయన ఫైల్లో చివరి వరుస "లోపలికి" అనే ఉండిపోయింది. అందుకని రోజూ ఆరింటికి "మేస్త్రి లోపల" అని తెర మీద వచ్చేది, గేటు పడేది కాదు, నేనే లేచి గేటు మీట నొక్కేదాన్ని.

"ఫైలు తీసేయకూడదు, విచారణ ఇంకా నడుస్తోంది" అన్నాడు తాతయ్య వెళ్లే రోజున. "ఆయన లోపలున్నట్టే ఉండనీ తల్లీ. బయటికొచ్చాడని మాత్రం రాయకు."

"రాస్తే ఏమవుతుంది తాతయ్యా?"

"వచ్చేస్తాడు" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

నాకసలే ఓపిక తక్కువ. పైగా సూపర్‌వైజరు రోజూ ఎత్తిపొడిచేవాడు: "దానంతట అదే పడుతుందన్నావు, రోజూ నువ్వే నొక్కుతున్నావేంటి?" మేస్త్రి పేరొస్తే వదిలెయ్యమని స్క్రిప్టులో ఇంకో షరతు పెట్టొచ్చు. కానీ చనిపోయిన ఒక్క మనిషి కోసం ముచ్చటైన నా పద్నాలుగు వరుసల్ని పాడుచేసుకోవడం ఇష్టం లేకపోయింది. ఒక సోమవారం సాయంత్రం మేస్త్రి ఫైలు తెరిచి, చివర నా చేత్తో ఒక వరుస కొట్టాను. "బయటికి."

గేటు దానంతట అదే పడింది. నాకు భలే సంతోషమేసింది.

మర్నాడు పొద్దున మా తమ్ముడు చిట్టీ నేనూ బండి తాళాల కోసం పోట్లాడుకున్నాం. వాడూ ఆ సొరంగంలోనే పని. సాయంత్రం పైకి రాగానే కిటికీ మీద తట్టి, "మేనేజరు గారూ, ఇంటికి దయచేస్తారా?" అని ఆటపట్టించడం వాడికి అలవాటు. ఆ రోజు ఆరవడానికి ఇరవై నిమిషాలుందనగా వచ్చాడు. గడ్డం దాకా బురద, కళ్ల మీదికి దిగిన హెల్మెట్టు. కిటికీ తట్టలేదు.

"చిట్టీ" అని పిలిచాను.

ఆగలేదు. ఇంటి సందులోకి తిరిగిపోయాడు. అలిగాడు వెధవ, అనుకున్నాను.

ఆరింటికి తెర మీద ఒకే పేరు వచ్చింది. "చిట్టి లోపల."

కార్డు గీకడం మర్చిపోయాడు, మొద్దు మొహం. నా కళ్లతో చూశాను కదా, వెళ్లిపోయాడు. నిన్న ఒకసారి చేసిన పనే. చెయ్యి తడబడలేదు. వాడి ఫైల్లో "బయటికి" అని కొట్టాను. గేటు పడింది. నీళ్లు వదిలిన హోరు నేల కింద నుంచి వినపడింది.

అప్పుడు సొరంగం ఫోను మోగింది.

అది పదకొండు నెలలుగా మోగలేదు.

"అక్కా..." గుసగుసలాంటి గొంతు. వెనక నీళ్ల చప్పుడు. "గేటెందుకేశావే... నడుం దాకా వచ్చాయే..."

నీళ్లు ఎలా ఆపానో, గేటు ఎలా తెరిచానో నాకు గుర్తులేదు. వాడు నిచ్చెన పట్టుకుని పైకొచ్చి నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. వాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. ఏడుస్తూనే ఆగిపోయాను.

మరి ఇందాక ఇంటికి వెళ్లిందెవరు?

నా ఫోను మోగింది. అమ్మ.

"తమ్ముడికేమైందే?" నవ్వుతోంది. "వచ్చి అరగంటయింది, హెల్మెట్టు తియ్యడు. నన్ను పట్టుకుని అమ్మాయ్ అంటున్నాడు."

"అమ్మా... బయటికొచ్చెయ్. ఇప్పుడే."

"వాడూ అదే అంటున్నాడు. ఏదో చూపిస్తాట్ట, రమ్మంటున్నాడు..."

చిట్టి తడి బట్టలతోనే ఇంటి వైపు పరిగెత్తాడు. నేను కంప్యూటరు ముందు కూలబడ్డాను. నాకు తోచింది ఒక్కటే. మేస్త్రి ఫైలు తెరిచి, నేను రాసిన వరుస చెరిపేశాను. చివరికి మళ్లీ "లోపలికి" మిగిలింది. నీ చోటికి నువ్వు వెళ్లిపో మేస్త్రీ, నీకు దండం పెడతాను...

కాసేపటికి చిట్టి ఫోన్ చేశాడు. "ఇంట్లో ఎవరూ లేరక్కా. అమ్మ ఫోను బల్ల మీదే ఉంది. వీధిలో తడి అడుగులున్నాయి. రెండు జతలు. గేటు వైపే..."

గేటు తెరిచే ఉంది. నేనే తెరిచాను. ఎవరైనా లోపలికి వెళ్లడం నేను చూడలేదు.

స్క్రిప్టు నడిపాను.

"మేస్త్రి లోపల."

"చిట్టి వాళ్ళమ్మ లోపల."

వీధిలో అందరూ అమ్మను పిలిచే పేరు అది. ఆ పేరుతో నేనెప్పుడూ ఫైలు చెయ్యలేదు. తెరిస్తే ఒకటే వరుస ఉంది: "లోపలికి."

మూడు రోజులు సొరంగమంతా గాలించారు. ఎవరూ దొరకలేదు. ఆ తర్వాత కూడా నేను నీళ్లు వదలనివ్వలేదు. సూపర్‌వైజరు అరిచాడు, బెదిరించాడు, చివరికి విసిగి ఊరుకున్నాడు. చిట్టి మాత్రం రోజూ ఆరింటికి నా పక్కన కూర్చుంటాడు. అమ్మ ఫోను రోజూ ఇంట్లో చార్జింగులో పెట్టి వస్తాడు.

"ఒక్క వరుస అక్కా. రాయవే" అంటాడు.

"వచ్చేది అమ్మేనని ఎలా తెలుస్తుందిరా?"

వాడు కీబోర్డు నా వైపు జరుపుతాడు. నాకూ అమ్మ కావాలి. ఎన్నిసార్లు దాని మీద వేళ్లు పెట్టి తీసేశానో లెక్కలేదు.

ఇవాళ స్క్రిప్టు నడిపితే ఒకే పేరు వచ్చింది. మేస్త్రి. అమ్మ ఫైలు తెరిచాను. చివర కొత్త వరుస ఉంది. "బయటికి." నేను రాయలేదు. చిట్టి తన మీద ఒట్టేసి చెబుతున్నాడు, వాడూ రాయలేదట.

బల్ల మీద నా ఫోను మోగుతోంది. అమ్మ నంబరు. ఇంటికి తాళం వేసి ఉంది, తాళంచెవి చిట్టి జేబులోనే ఉంది.