మిడతలు వద్దన్న నర్సు

"ఆ చెంచా పక్కన పెట్టండి."

వానలో తడిసి గుమ్మంలో నిలబడ్డ మనిషిని నబ్బోసా కొరకొరా చూసింది. చివరి రోజుల్లో ఉన్న రోగులను ఇళ్లకొచ్చి చూసే నర్సు టిమోతీ.

"మా సెంగాని పస్తు పెట్టమంటారా?"

"ఆవిడకి ఆకలి లేదండీ. బలవంతంగా పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తడపండి, నాలిక్కి ఇష్టమైన రుచి చూపించండి. చాలు."

మంచం మీద సెంగా దగ్గి దగ్గి సోలిపోయింది. తల్లి లేని నబ్బోసాను పెంచిన మేనత్త. తినడం మానేస్తే దక్కదేమోనని నబ్బోసా పొద్దస్తమానం జావ కాస్తూనే ఉంది.

అతను మళ్లీ మళ్లీ వచ్చాడు. బైకు చప్పుడు వినపడితే చాలు, నబ్బోసా చెయ్యి దానంతటదే జుట్టు సవరించుకునేది. ఆ వెంటనే గుండె జారేది. అతనిది ఏ వంశమో! తమ వంశమే అయితే వరసకు అన్న. మేనత్తగా ఆరా తీసి పెళ్లి మాట ఎత్తాల్సింది సెంగా. ఆ సెంగా గొంతేమో రోజురోజుకీ సన్నబడిపోతోంది.

ఓ సాయంత్రం సెంగా మిడతల వేపుడు అడిగింది. టిమోతీ చెప్పినట్టు, నబ్బోసా వేపుడు నూనెలో వేలు ముంచి ఆమె నాలిక్కి రాసింది. సెంగా హాయిగా కళ్లు మూసుకుంది.

ఆ సంబరంలో నబ్బోసా మిగతా వేపుడు టిమోతీ ముందు పెట్టింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దండీ."

"మా ఇంటి తిండి మీకు ఆనదా?"

"అయ్యో, అది కాదు..."

మంచం మీద నుంచి చిన్న నవ్వు వినిపించింది.

"మొద్దుపిల్లా, అతనిది మిడత వంశమే. తమ వంశం పేరున్నదాన్ని ఎవరైనా తింటారా?"

టిమోతీ సిగ్గుపడుతూ తలూపాడు.

"అంటే మనవాడు కాదు. వరస కుదురుతుంది," అంది సెంగా, ఊపిరి కూడదీసుకుంటూ. "ఏం బాబూ, మా పిల్ల నచ్చిందా?"

"నచ్చబట్టే, పని లేని రోజుల్లో కూడా వస్తున్నానండీ."

సెంగా మేనకోడలి వైపు తిరిగింది. "నాకు ఆకలి లేదే తల్లీ. నిజంగా లేదు. అతనికుంది. వెళ్లి పచ్చి అరటికాయలు ఉడికించి మటోకే వండు."

నబ్బోసాకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని పొయ్యి ఎగదోసింది. కొంచెం తింటావా అని ఈసారి సెంగాని అడగలేదు.

"మీకెంత వండమంటారు?" అంది టిమోతీతో.