ఏడు జానల తెర

ఆ బుధవారం మధ్యాహ్నం నేను క్లాసు గుమ్మంలో నిలబడితే, నా తల తగిలి పైకప్పు పెంకు ఒకటి ఊడి కిందపడింది. అంత పొడుగు నేను! నాలుగో తరగతికే కాకులు చెట్టనుకుని నా భుజం మీద వాలేవి. మా టీచరు నా చెవిలో ఏదైనా రహస్యం చెప్పాలంటే బల్ల ఎక్కాల్సి వచ్చేది.

నమ్మండి. నమ్మకపోయినా సరే, కూర్చోండి. కథ మాత్రం వినాల్సిందే.

మా టీచరుకి ఒక అలవాటు ఉండేది. ప్రతి సోమవారం బోర్డు మూల ఆ వారం పేరు రాసేవారు. ఆకుల వారం, నీళ్ల వారం, చప్పుళ్ల వారం అని. ఆకుల వారం వచ్చిందంటే లెక్కలూ ఆకులతోనే, బొమ్మలూ ఆకులతోనే. చప్పుళ్ల వారంలో మా గోల భరించలేక పక్క క్లాసు వాళ్లు తలుపులు బిగించుకున్నారు. శనివారం పొద్దున, నేర్చుకున్నదంతా కలిపి చిన్న క్లాసుల పిల్లలకి ఏదో ఒకటి చేసి చూపించాలి. ఇన్నేళ్లయినా నాకు సోమవారం అంటే తడిగుడ్డతో తుడిచిన బోర్డు వాసనే.

ఆ వారం కొలతల వారం.

"స్కేళ్లకీ టేపులకీ సెలవు ఇచ్చేశాను," అంటూ టీచరు అన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేశారు. "శనివారం దాకా మీ చేతులే మీకు స్కేళ్లు."

శనివారానికి సాక్సు బొమ్మలాట. పాత సాక్సుకి గుండీలతో కళ్లు కుట్టి, చేతికి తొడుక్కుని, తెర వెనక నుంచి ఆడించాలి. ఒక పోలీసు, ఒక దొంగ, ఒక సింహం. తెర కోసం టీచరు తన ఇంటి నుంచి నీలం దుప్పటి తెచ్చారు. దాన్ని మా క్లాసు గుమ్మానికి అడ్డంగా కట్టాలి. మిగిలిన గుడ్డతో బొమ్మలకి చొక్కాలు కుట్టాలి.

సింహం నాది! మా నాన్న సాక్సు అది. బొటనవేలి దగ్గర పెద్ద చిరుగుంటే, అదే దాని నోరు అనుకున్నాను. అంతకుముందు ఏ ఆటలోనూ నాకు వేషం దొరకలేదు. కనీసం చెట్టు వేషం కూడా ఇవ్వలేదు. "చెట్టంటే కాస్త ఎత్తుండాలి కదరా," అనేవాళ్లు.

అరెరె, నోరు జారాను. సరే, ఒప్పుకుంటున్నా. పెంకూ ఊడలేదు, కాకీ వాలలేదు. క్లాసు మొత్తానికి పొట్టివాణ్ణి నేనే. నా పేరు ఇంట్లో ఏదున్నా బడిలో 'బెత్తెడు'. బెంచీ మీద కూర్చుంటే నా కాళ్లు గాల్లో ఊగేవి. కానీ చూడండి, బొమ్మలాటలో మిగతావాళ్లంతా తెర వెనక మోకాళ్ల మీద కూర్చోవాలి. నేను మాత్రం దర్జాగా నిలబడొచ్చు. పొట్టిగా పుట్టినందుకు నాకు దొరికిన మొదటి లాభం అది.

తెర పని మేస్త్రి చేతిలో పడింది. మేస్త్రి అంటే గోడలు కట్టేవాడు కాదు. మా క్లాసు అమ్మాయే. నలుగురు చేరిన చోటల్లా "నువ్వు అది పట్టుకో, నువ్వు ఇటు రా" అని పురమాయించేది. అందుకని ఆ పేరు. పైగా వాళ్లమ్మ టైలరు. "గుడ్డల సంగతి నాకు చెప్పకండి. నేను కుట్టుమిషను కింద పాకి పెరిగాను," అనేది.

"నిచ్చెనా, గుమ్మం కొలువు!" అంది.

నిచ్చెన అంటే క్లాసులో అందరికన్నా పొడుగువాడు. వాడి చెయ్యి విసనకర్రంత ఉండేది. గుమ్మానికి అడ్డంగా టకటకా జానలు వేసుకుంటూ పోయాడు.

"ఏడు జానలు!"

"బెత్తెడూ, నువ్వు దుప్పటి మీదెక్కు. తేలిగ్గా ఉంటావు, ముడతలు పడవు. ఏడు జానలు కొలిచి సుద్దతో గీత గియ్యి."

నేను దుప్పటి మీద పాకి చెయ్యి పరిచాను. ఎందుకో అనుమానం వచ్చింది.

"మేస్త్రీ, ఎవరి జానలు? వాడివా, నావా?"

"జాన అంటే జానే. నీదేమన్నా బంగారమా? తొందరగా కానివ్వు, గంట కొట్టేస్తారు."

కొలిచాను. గీశాను. కత్తెర మేస్త్రి పట్టుకుంది. కరకరా కత్తిరించేసింది. మిగిలిన గుడ్డని కూడా ముక్కలు చేసి బొమ్మలకి చొక్కాలు కుట్టించింది. పోలీసు తన బొమ్మ. దానికి కాలరు, జేబు ఉన్న కోటు!

గురువారం పొద్దున తెర కట్టాం. ఒక చివర మేకుకి కట్టాం. రెండో చివర రెండో మేకు దాకా రాలేదు. లాగాం. ఇద్దరు కలిసి లాగారు. ఊహూఁ. ఆ సందులోంచి నేను పుస్తకాల సంచీతో సహా దూరిపోవచ్చు.

"గుమ్మం రాత్రికి రాత్రి లావెక్కిందేమిటి?" అన్నాడు నిచ్చెన.

టీచరు వచ్చి చూశారు. "దుప్పటి ఎవరర్రా కొలిచింది?"

మేస్త్రి నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

"గీత గీసింది వీడే, టీచర్."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"సరే, తెర సంగతి తర్వాత చూద్దాం. అందరూ కూర్చోండి," అని టీచరు బోర్డు వైపు తిరిగారు.

వెనక నుంచి గుసగుసలు మొదలయ్యాయి.

"కొలవడం కూడా రాదు వీడికి."

"వీడి చేతిలో పెడితే సింహం కూడా పిల్లి అయిపోతుంది."

నిచ్చెన బెంచీ మీదుగా చెయ్యి చాచాడు. "సింహం ఇటియ్యరా. నేనాడిస్తాలే."

నేను మేస్త్రి వైపు చూశాను. ఒక్క మాట అంటుందేమోనని. తను చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. అప్పటికి మూడుసార్లు సరిచేసింది.

సింహాన్ని తీసి ఇచ్చేశాను. మా నాన్న సాక్సు వాడి చేతికి సగమే ఎక్కింది.

టీచరు ముందు బెంచీ చూపించారు. "ఒక్కొక్కరే వచ్చి దీన్ని జానలతో కొలవండి. ఎన్నొచ్చాయో బోర్డు మీద వెయ్యండి."

నిచ్చెన ఎనిమిది వేశాడు. మేస్త్రి పది వేసింది. నేను బెంచీ ఎక్కి కొలిచి, పదమూడు వేశాను. క్లాసంతా అయ్యేసరికి బోర్డు మీద రకరకాల అంకెలు.

"ఏమర్రా, మీరు కొలుస్తుంటే మన బెంచీ సాగుతోందా?" అన్నారు టీచరు.

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. తన చెయ్యి డెస్కు మీద పరిచి చూసుకుంది. తర్వాత నా చెయ్యి కేసి చూసింది. సాయంత్రం ఇంటికెళ్లే దాకా నోరు విప్పలేదు. మేస్త్రి నోరు విప్పకుండా ఉండడం అంటే మాటలా! ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

శుక్రవారం టీచరు హాజరు పట్టీ తెరవకముందే మేస్త్రి లేచి నిలబడింది.

"టీచర్, నిన్న నేను సగమే చెప్పాను. గుమ్మం కొలిచింది నిచ్చెన. ఎవరి జానలు అని వీడు నన్ను అడిగాడు. ఎవరివైనా ఒకటేనని గీయించింది నేను. కత్తిరించింది కూడా నేనే."

ఒక్క గుక్కలో చెప్పేసి, బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

టీచరు కోప్పడతారని చూశాం. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకున్నారు. "అయితే ఇప్పుడేం చేద్దాం, మేస్త్రీ?"

టీచరు నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి.

మేస్త్రి తన పోలీసు బొమ్మని బయటికి తీసింది. కోటు విప్పింది. కాలరూ జేబూ ఉన్న ఆ కోటు! పళ్లతో దారం తెంపి, కుట్లు ఊడదీసి నేల మీద పరిచింది. కాసేపటికి దొంగ చొక్కా కూడా వచ్చి దాని పక్కన చేరింది. తర్వాత సింహం జూలుకి కట్టిన రిబ్బను గుడ్డ.

అప్పుడు మేస్త్రి నా దగ్గరికి వచ్చింది.

"రా బెత్తెడూ. ఆ సందు నువ్వే కొలువు. ఈ గుడ్డ కూడా నువ్వే కొలువు."

"వీడి బుల్లి చేత్తోనా? నా చేత్తో అయితే చిటికెలో అయిపోతుంది," అన్నాడు నిచ్చెన.

"నీ చేత్తో అయినా వస్తుంది. కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకటే చెయ్యి ఉండాలి. ఇవాళ వీడిది."

స్టూలు తెచ్చి వేసింది. నేను ఎక్కి పడకుండా తనే పట్టుకుంది. నాలుగు జానలు, పైన నాలుగు వేళ్లు. నేను జాన వేసినప్పుడల్లా క్లాసంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. అంత చిన్న చెయ్యి అంతమంది కళ్లని ఎలా మోసిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

స్టూలు దిగేసరికి నా సంచీ మీద సింహం కూర్చుని ఉంది.

"నాకు మోకాళ్ల నొప్పులురా," అన్నాడు నిచ్చెన ఎటో చూస్తూ. వాడికి చేతనైన క్షమాపణ అంతే.

ఆ సాయంత్రం మేస్త్రి వాళ్లమ్మ మిషను మీద అతుకులు వేసింది. "చొక్కా కుట్టమంటే గంట పని. చొక్కాలు విప్పి తెర కుట్టమంటే రాత్రి వంట మానుకోవాలా?" అని సణుగుతూనే కుట్టిందట. తొందరలో ఒక అతుక్కి జేబు అలాగే ఉండిపోయింది.

శనివారం తెర గుమ్మానికి సరిగ్గా సరిపోయింది. చిన్న క్లాసుల వాళ్లు బయట వరండాలో నేల మీద, హెడ్మాస్టరుగారు కుర్చీలో. తెర పైకి రెండు సాక్సులు లేచాయి. చొక్కా లేదు, కోటు లేదు. పోలీసెవరో దొంగెవరో ఎవరికీ తెలియలేదు.

"వీళ్లిద్దరిలో దొంగెవరు?" అని ముందు వరసలో ఒక బుడ్డోడు అరిచాడు.

వెంటనే తెర వెనక నుంచి మేస్త్రి పోలీసు గొంతుతో గట్టిగా అంది:

"నేను పోలీసుని! నా కోటు ఉతకడానికి వేశాను!"

"నాది కూడా!" అంది దొంగ.

వరండా అంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే నేను సింహాన్ని ఎత్తాను. బొటనవేలి చిరుగు పూర్తిగా తెరిచి గర్జించాను. హెడ్మాస్టరుగారు నవ్వీ నవ్వీ వెనక్కి వాలారు. ఫట్! కుర్చీ కాలు విరిగింది.

మేస్త్రి నా పక్కన మోకాళ్ల మీద ఉంది. మా తలలు సమానంగా ఉన్నాయి. "ఇంకోసారి గర్జించు," అంది చెవిలో.

ఆ క్లాసు గది ఇప్పుడు లేదు. నా చెయ్యి పెద్దదయింది, తర్వాత ముడతలు పడింది. బెత్తెడు అని పిలిచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. పిలిస్తే పరిగెత్తుకుంటూ పోయేవాణ్ణి.

ఇక నిజం చెప్పేస్తాను. కుర్చీ విరగలేదు. అది నేను కల్పించాను. హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు, అంతే. కానీ అంతకుముందు ఆయన నవ్వగా మాలో ఎవరం చూడలేదు. మాకు మాత్రం కుర్చీ విరిగినంత పనయింది.